ఒక మీటరు నేల, క్లాసు నిండా పిల్లలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గొడవ. పిల్లల్ని క్లాసు బయటికి తీసుకెళ్లి పురుగుల గురించి, వాటి చుట్టూ అల్లుకున్న బతుకుల గురించి ఎలా చెప్పాలి? ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నేను జీవశాస్త్రమే చెప్పాను. రిటైరయ్యాక కూడా పిల్లలతో బయట తిరగడం మానలేదు. అందుకే ఈసారి నా పేజీలన్నీ ఈ ఉత్తరాలకే ఇచ్చేశాను.

ప్రశ్న: మేడమ్, మా స్కూల్లో తోట లేదు. బిల్డింగ్ వెనక కాస్త ఖాళీ జాగా, అందులో గడ్డీ గాదమూ ఉన్నాయి. ఆరో తరగతిలో నలభై మంది. ఒక పీరియడ్‌లో వాళ్లను బయటికి తీసుకెళ్లి తీసుకురావడానికే సగం టైమ్ పోతుంది. ఎక్కడ మొదలుపెట్టను? – ఒక సైన్స్ టీచర్

జవాబు: ఆ గడ్డీ గాదమే మీకు కావలసిన తోట అండీ. దయచేసి దాన్ని శుభ్రం చేయించకండి.

నాలుగు మీటర్ల తాడు తీసుకుని రెండు చివర్లూ ముడేయండి. నాలుగు పుల్లలు పాతి దాన్ని చతురస్రంగా చుట్టిస్తే ఒక చదరపు మీటరు వస్తుంది. నలుగురైదుగురు పిల్లలకు ఒక చదరం. మొదటిసారి ఏదీ పట్టుకోవద్దని, మోకాళ్ల మీద కూర్చుని ఊరికే చూడమని చెప్పండి. కాసేపటికే "ఇక్కడేం లేదు టీచర్" అంటారు. మీరేమీ మాట్లాడకండి. కన్ను కుదరడానికి కొంచెం టైమ్ పడుతుంది. ముందు ఒక చీమ కనిపిస్తుంది. ఆ తర్వాత అది ఎక్కిన గడ్డిపోచ, ఆ పోచ కింద అతుక్కుని ఉన్న పచ్చ పురుగు, పక్కనే వల వేసుకున్న సాలీడు. ఒకడు చూపించగానే మిగతావాళ్లందరికీ కనిపించడం మొదలవుతుంది.

అప్పుడు మూడే ప్రశ్నలు వేయండి. అది ఏం చేస్తోంది? ఏం తింటోంది? దాన్ని తినేది ఎవరు? పేర్లు అడగకండి. జట్టులో ఒకరు రాయాలి, ఒకరు బొమ్మ వేయాలి, మిగతావాళ్లు చూసి చెప్పాలి. వచ్చేవారం పనులు మార్చుకుంటారు. బయట ఇరవై నిమిషాలు చాలు.

నా అనుభవంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: వచ్చేవారం కూడా అదే చదరం దగ్గరికి వెళ్లాలి, ఆ పై వారం కూడా. ఒకసారి ఘనంగా దూరం తీసుకెళ్లి వంద జీవుల్ని చూపించడం కన్నా పది వారాలు ఒకే మీటరు నేలను చూపించడం ఎన్నో రెట్లు నయం. వాన పడ్డాక అక్కడ ఏం మారింది, నేల బీటలు వారినప్పుడు ఎవరు కనిపించకుండా పోయారు, పూలు పూసిన వారం కొత్తగా ఎవరొచ్చారు అన్నది మళ్లీ మళ్లీ వెళ్లినవాళ్లకే తెలుస్తుంది. జీవావరణం అంటే ఆ రాకపోకలే కదా.

కొంచెం అలవాటయ్యాక రెండు చిన్న పనులు చేర్చుకోవచ్చు. పొద కింద గొడుగు తిరగేసి పట్టుకుని కొమ్మను రెండుసార్లు గట్టిగా తట్టండి. అప్పటిదాకా కంటికి ఆనని పురుగులన్నీ గొడుగులో పడతాయి. లేత రంగు గొడుగైతే బాగా కనిపిస్తాయి. రెండోది, నేలలో గ్లాసు పాతడం. గ్లాసు అంచు మట్టితో సమానంగా ఉండాలి, ఏమాత్రం పైకి లేచినా పురుగు చుట్టూ తిరిగి వెళ్లిపోతుంది. వాన నీళ్లు పోవడానికి అడుగున సన్నని బెజ్జాలు పెట్టాలి. పైన మూడు గులకరాళ్ల మీద ఒక పలక ఆనిస్తే నీడ ఉంటుంది. సాయంత్రం పెట్టి పొద్దున బెల్లు కొట్టకముందే చూసి వదిలేయాలి. పగలు మన కంటపడని పెంకు పురుగులు, కీచురాళ్లు అందులో ఉంటాయి. అదే జాగాకు రాత్రిపూట వేరే జనాభా ఉంటుందని పిల్లలకు తెలిసినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి. సెలవులకు ముందు మాత్రం గ్లాసులన్నీ గుర్తుపెట్టుకుని తీసేయించండి, లేకపోతే వాటిలో పడ్డవి ఊరికే చచ్చిపోతాయి.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. బొద్దింక కనిపిస్తే ఇల్లెక్కి కేకలు. పురుగుల పాఠం ఉన్న రోజు కడుపునొప్పి అంటుంది. దాని తమ్ముడేమో కనిపించిన చీమనల్లా కాలితో నలిపేస్తాడు. ఇద్దరితోనూ టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి

జవాబు: ముందుగా, ఇంట్లో బొద్దింకను ఎవరూ ప్రేమించక్కర్లేదమ్మా. దాని జోలికి వెళ్లకండి. పాపకు పురుగుతో పరిచయం ఇంటి బయట, తనకు ఇష్టమైనంత దూరంలో జరగాలి. "చేతిలో పెట్టుకో, ఏం కాదు" అని బలవంతం చేస్తే భయం ఇంకా లోపలికి పోతుంది. మీ మొహం కూడా చూసుకోండి. పిల్లలు ముందు పురుగును చూడరు, దాన్ని చూసిన అమ్మ మొహాన్ని చూస్తారు.

ఇద్దరినీ ఒకే చోట కూర్చోబెట్టడానికి నేను ఎప్పుడూ వాడేది ఇసుక గుంట పురుగు. చూరు కిందో, చెట్టు మొదట్లోనో వాన తగలని మెత్తటి దుమ్ములో గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. వాటిని చేసే పురుగును యాంట్ లయన్ అంటారు. అది అడుగున దాక్కుని ఉంటుంది, బయటికి కనపడదు కాబట్టి పాపకు భయం ఉండదు. గుంట గోడ ఎంత వాలుగా ఉంటుందంటే, ఇంకొక్క రేణువు కదిలినా జారిపోతుంది. చీమ అంచు మీద కాలు పెడితే ఇసుక కిందికి జారుతుంది, చీమ పైకి పాకుతుంది. అప్పుడు అడుగు నుంచి పురుగు తలతో ఇసుక ఎగజల్లుతుంది. ఆ ఇసుక తగిలి చీమ మళ్లీ జారుతుంది. చివరికి రెండు కొడవళ్ల లాంటి దవడలు మాత్రం బయటికొస్తాయి.

సన్నటి గడ్డిపరకతో అంచును మెల్లగా కదిపి చూడమనండి. చీమ పడిందనుకుని అది ఇసుక చిమ్ముతుంది. పాప అప్పుడు నవ్వకపోతే నాకు రాయండి. ఆ తర్వాత ఒక స్పూనుతో గుంట అడుగు మట్టి తీసి కాగితం మీద పోస్తే బూడిద రంగు పురుగు బయటపడి వెనక్కి వెనక్కి నడుస్తుంది. అది పెద్దదయ్యాక పొడుగాటి రెక్కలతో తూనీగలా ఎగిరిపోతుంది. అంతవరకు ఏడాది పట్టొచ్చు, కొన్నిటికి రెండు మూడేళ్లు పడుతుంది.

బాబు చీమల్ని పట్టుకొచ్చి గుంటలో వేయబోతాడు. వద్దని చెప్పండి. తనంతట తాను పడే చీమ కోసం ఎదురుచూడడమే ఆట అనండి. ఒక గుంటకు వాడినే కాపలా పెట్టండి, ఎవరూ తొక్కకుండా చూసుకోవడం వాడి డ్యూటీ. చీమను నలిపే పిల్లాడికి దాని దారీ గూడూ ఎన్నడూ తెలిసి ఉండవు. ఒక చీమ వెంట గూటిదాకా వెళ్లినవాడు దాన్ని తొక్కడానికి వెనకాడతాడు. ఇది నేను ఎంతోమంది పిల్లల దగ్గర చూశాను.

ప్రశ్న: టీచర్ గారూ, వాన పడగానే ఎర్రగా మెత్తగా కనిపించే ఆరుద్ర పురుగు కీటకమేనా? జెర్రి, రోకలిబండ కూడానా? మా క్లాసులో రెండు జట్లుగా పోట్లాడుకున్నాం. – ఎనిమిదో తరగతి విద్యార్థి

జవాబు: ఈసారి వాటి కాళ్లు లెక్కపెట్టు బాబూ, పోట్లాట తీరిపోతుంది. కీటకానికి ఆరు కాళ్లు, ఒంట్లో తల, వక్షం, ఉదరం అని మూడు భాగాలు. ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్లు. అది సాలీడు, తేలు ఉన్న వర్గంలోది. కానీ ఇక్కడే ఒక చిక్కు ఉంది. గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్లకు మాత్రం ఆరే కాళ్లు! ఆ వయసులో అది మిడతల్లాంటి వాటి ఒంటికి అతుక్కుని బతుకుతుంది. పెద్దదయ్యాక ఎక్కువ కాలం మట్టిలోనే ఉండి, వాన తడికి బయటికొస్తుంది.

జెర్రి, రోకలిబండ రెండూ కీటకాలు కావు. జెర్రికి ఒంటి ఖండానికి ఒక జత కాళ్లు, రోకలిబండకు దాదాపు ప్రతి ఖండానికీ రెండు జతలు. ఆస్ట్రేలియాలో భూమి లోతుల్లో దొరికిన ఒక రోకలిబండకు 1,306 కాళ్లు ఉన్నట్టు 2021లో ప్రకటించారు. జెర్రిని మాత్రం ముట్టుకోకు, అది కుడుతుంది.

ప్రశ్న: సీతాకోకచిలుక జీవితచక్రం గీయమంటే మా పిల్లలు నాలుగు గడుల్లో చక్కగా గీసేస్తారు. కళ్లతో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. క్లాసులో పెంచి చూపించవచ్చా? – ఒక టీచర్

జవాబు: తప్పకుండా. రెండో మూడో చాలు. అయితే పురుగు కన్నా ముందు మొక్కను వెతకండి. చాలా రకాల గొంగళి పురుగులు కొన్ని మొక్కల్నే తింటాయి, వేరే ఆకు ఎంత లేతది పెట్టినా ముట్టకుండా ఆకలితో చచ్చిపోతాయి. ఆ మొక్క కొట్టేస్తే ఆ సీతాకోకచిలుక కూడా ఆ చోటు వదిలిపోతుందన్నది పిల్లలు అక్కడే గ్రహిస్తారు. జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక పెరుగుతుంది. నిమ్మ, కరివేపాకు మొక్కల మీద నిమ్మ సీతాకోకచిలుక పెరుగుతుంది. చిన్న పిల్లలతో అయితే నిమ్మే మేలు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. దాన్ని పెద్దవాళ్లు మాత్రమే తుంచి వెంటనే చేతులు కడుక్కోవాలి.

నిమ్మ చిగుళ్ల మీద గుండుసూది తలంత, లేత పసుపు గుడ్లు ఒక్కొక్కటిగా ఉంటాయి. అందులోంచి వచ్చిన పిల్ల పురుగు ముదురు గోధుమ రంగులో మధ్యన తెల్ల మచ్చతో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. పిట్ట దాన్ని చూసి తనదేలే అనుకుని పోతుంది. ఎదిగిన కొద్దీ చర్మం విడుస్తూ, చివరి దశలో ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. ఆ దశలో మెత్తటి కుంచెతో వీపు మీద తాకి చూడండి. తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు చటుక్కున బయటికొస్తాయి, ఘాటైన వాసన వేస్తుంది. ఒక నిమిషంలో మళ్లీ లోపలికి పోతాయి. ఒక్కసారి చూస్తే చాలు, పదే పదే విసిగించకండి.

ఎత్తుగా ఉన్న పారదర్శక డబ్బా తీసుకుని మూతికి దోమతెర గుడ్డ కట్టండి. కొమ్మను చిన్న సీసా నీళ్లలో పెట్టి, సీసా మూతిలో దూది కూరండి, లేకపోతే పురుగు నీళ్లలో పడిపోతుంది. ఎండ తగలని చోట ఉంచండి. రోజూ అడుగు కాగితం మార్చే పని పిల్లలదే. రెట్టల గుళికలు రోజురోజుకీ లావెక్కుతుంటే పురుగు ఎంత తింటోందో వాళ్లకే అర్థమవుతుంది. ప్యూపా (గొంగళి సీతాకోకచిలుకగా మారే గూడు) కట్టే ముందు నిమ్మ పురుగు నడుముకు పట్టుదారం బిగించుకుని కాడకు ఆనుకుంటుంది. ప్లెయిన్ టైగర్ తలకిందులుగా వేలాడుతుంది. రెండూ పక్కపక్కన ఉంటే తేడా పిల్లలే చెబుతారు. బయటికొచ్చిన సీతాకోకచిలుక రెక్కలు ముడతలు పడి ఉంటాయి, వేలాడితేనే విచ్చుకుంటాయి. సాయం చేయబోతే రెక్క పోతుంది. ఎగరగలిగాక, ఆ రోజే, దాన్ని ఏ మొక్క నుంచి తెచ్చారో అక్కడే వదిలేయండి.

ఒక మాట ముందే చెప్పాలి. కొన్నిసార్లు ప్యూపా నల్లబడి, దాని గోడకు చిన్న బెజ్జం పడి, అందులోంచి సన్నని కందిరీగల్లాంటివి గుంపుగా బయటికొస్తాయి. అవి లోపలి పురుగును తిని పెరిగినవి. పిల్లలు ఏడుస్తారు. చాలామంది టీచర్లు ఆ డబ్బాను గబగబా తీసి దాచేస్తారు. దాచకండి. నా దృష్టిలో ఆ ఏడాది మొత్తంలో చెప్పగలిగిన గొప్ప పాఠం అదే. సీతాకోకచిలుక వంద దాకా గుడ్లు పెడుతుంది. అన్నీ బతికితే ఆ నిమ్మ చెట్టుకు ఆకు మిగలదు. ఆ చిన్న కందిరీగలూ తమ పిల్లల్ని సాకుకోవాలి. ఎవరి పక్షం వహించాలో పిల్లల్నే మాట్లాడుకోనివ్వండి, ఆ పీరియడ్ అంతా పోయినా ఫరవాలేదు. నాలుగు గడుల బొమ్మలో ఈ దారి ఉండదు, నిజం చెట్టు మీద చాలా పురుగుల దారి ఇదే.

ప్రశ్న: నేను మ్యాథ్స్ టీచర్ని. పిల్లల్ని బయటికి తీసుకెళ్లాలని ఉంది కానీ నాకు ఒక్క పురుగు పేరు కూడా తెలియదు. అడిగితే ఏం చెప్పను?

జవాబు: మీకు ఒక మ్యాథ్స్ క్లాసు సంగతి చెబుతాను. ఫ్రాన్స్‌లో జాన్ ఆన్రీ ఫాబ్రె అని ఒక స్కూల్ టీచర్ ఉండేవారు (1823–1915). పొలం కొలతలు నేర్పడానికి పిల్లల్ని బయలు మైదానానికి తీసుకెళ్లేవారు. కొలకర్ర పాతి రమ్మని పంపిన పిల్లాడు మధ్యలో ఆగి, వంగి, ఒక గులకరాయి ఎత్తి గడ్డిపుల్లతో ఏదో పీలుస్తున్నాడు. చూస్తే అందరిదీ అదే పని. ఆ రాళ్ల మీద మట్టితో గూళ్లు కట్టే ఒక రకం తేనెటీగల తేనె అది. టీచరుకు తెలియదు, పిల్లలకు ఎప్పటినుంచో తెలుసు. ఆయన వాళ్ల దగ్గరే నేర్చుకుని, ఆ ఈగల వెంటపడి, చివరికి ప్రపంచమంతా ఎరిగిన కీటక పరిశీలకుడయ్యారు.

ఇప్పటిదాకా పేరు పెట్టిన కీటక జాతులు దాదాపు 10 లక్షలు. మొత్తం 55 లక్షల దాకా ఉండొచ్చని ఒక అంచనా. అన్ని పేర్లూ తెలిసినవాళ్లు ఎక్కడా లేరండీ. పిల్లల్నే పేరు పెట్టమనండి. "చారల గంతుగాడు" అని రాసుకున్న పిల్లాడు ఆ చారల్నీ ఆ గంతునూ చూశాడన్నమాట. అసలు పేరు తర్వాత ఎప్పుడైనా దొరుకుతుంది. మీరు మాత్రం గుంపులు పట్టుకోండి, చాలు. రెక్కలు రెండే ఉంటే ఈగ, దోమ వర్గం. పై రెక్కలు గట్టి పెంకులా ఉంటే పెంకు పురుగులు. రెక్క మీది పొడి వేలికి అంటితే సీతాకోకచిలుకలు, వాటి రాత్రి చుట్టాలు. మీరు మ్యాథ్స్ కాబట్టి ఇంకా లాభం. ఏ గుంపువి ఎన్ని వచ్చాయో వారం వారం లెక్కేసి గ్రాఫ్ గీయించండి.

ప్రశ్న: ప్రాజెక్టు కోసం పదిహేను పురుగుల్ని సూదులు గుచ్చి అట్ట మీద అంటించి తెమ్మన్నారు. చంపడానికి మా బాబుకు చేతులు రావడం లేదు. – ఒక తండ్రి

జవాబు: బాబు చేసింది సరైన పని. పరిశోధకులకు నమూనాలు అవసరమే, వాళ్లు తేదీ, చోటు రాసి దశాబ్దాల తరబడి భద్రపరుస్తారు. స్కూలు ప్రాజెక్టు అట్ట నెల తిరక్కుండా చెత్తబుట్టలో పడుతుంది. దానికోసం ప్రాణాలు తీయడం నేను ఒప్పుకోను.

టీచరుకు ఇలా చెప్పి చూడండి: పురుగుల బదులు పురుగులు చేసిన పనులు పదిహేను తెస్తామని. చిమ్మట విడిచిన పొట్టు, వానకు ఎగిరిన చెదపురుగులు రాల్చిన రెక్కలు, ఆకు లోపల సొరంగం తవ్వినట్టు తెల్లటి వంకర గీత, గులాబీ ఆకు అంచున తేనెటీగ జాతి ఒకటి గుండ్రంగా కత్తిరించుకుపోయిన జాగా, ఆకు మీద లేచిన బుడిపె, చెక్కలో తుమ్మెద తొలిచిన గుండ్రటి కన్నం ఫోటో. ఒక్కోదాని పక్కన ఎవరు చేశారో, ఎందుకు చేశారో రాయాలి. మార్కులు తగ్గుతాయని నేననుకోను.

ప్రశ్న: ఆహారపు గొలుసు, ఆహారపు వల అన్నీ బోర్డు మీద బాణాలు గీసి చెప్పాను. పరీక్షలో సగం మంది బాణాల్ని తిరగేసి వేశారు. జీవావరణాన్ని నిజంగా అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? – ఒక టీచర్

జవాబు: బాణం కన్నా ముందు ఒక రెమ్మను చూపించండి. పేనుబంక అనే చిన్న చిన్న పురుగులు పట్టిన లేత కొమ్మ ఏ పొదకైనా దొరుకుతుంది. పేనుబంక కొమ్మలోని రసం పీలుస్తుంది. రసంలో చక్కెర ఎక్కువ, కాబట్టి మిగిలింది తియ్యటి బొట్లుగా బయటికొదులుతుంది. చీమ వచ్చి మీసాలతో దాని వీపు తడుముతుంది, బొట్టు రాగానే తాగేస్తుంది. ఈ లోపల అక్షింతల పురుగు వస్తుంది. ఎర్ర పెంకు మీద నల్ల చుక్కలున్న ఆ పురుగును అందరూ గుర్తుపడతారు. దాని పిల్ల మాత్రం నల్లగా పొడుగ్గా ముళ్లముళ్లుగా ఉంటుంది, శత్రువనుకుని చాలామంది నలిపేస్తారు. తల్లీ పిల్లా ఇద్దరూ పేనుబంకను తింటారు. తన తీపి పోతుందని చీమ వాళ్ల మీద పడి తరుముతుంది. ఇంకా దగ్గరగా చూస్తే గోధుమ రంగులో ఉబ్బి కదలకుండా ఉన్న పేనుబంకలు కనిపిస్తాయి. వాటి లోపల చిన్న కందిరీగ పిల్ల పెరుగుతోందన్నమాట. జానెడు రెమ్మ మీద ఇంత కథ నడుస్తుంది. రసం కొమ్మలోంచి పురుగులోకి పోవడం కళ్లారా చూసిన పిల్ల బాణం తిరగేసి వేయదు.

దీని మీదే ఒక ప్రయోగం చేయించండి. పేనుబంకా చీమలూ రెండూ ఉన్న కొమ్మలు రెండు ఎంచుకోండి. ఒకదాని మొదట్లో కాగితం చుట్టి దాని మీద వాజిలిన్ దట్టంగా పూయండి, పైనున్న చీమల్ని దులిపేయండి. ఆ కొమ్మ ఇంకే ఆకుకీ తగలకూడదు. ఇక చీమ పైకి ఎక్కలేదు, రెక్కలున్న అక్షింతల పురుగు మాత్రం వాలగలదు. వారం తర్వాత రెండు కొమ్మల మీదా పేనుబంకను లెక్కపెట్టమనండి. చీమల కాపలా లేని కొమ్మ మీద సాధారణంగా తగ్గుతుంది. తగ్గకపోతే ఇంకా మంచిది, ఎందుకు తగ్గలేదో పిల్లలు వెతుకుతారు.

పై తరగతుల వాళ్లకు ఒక నిజం కథ కూడా చెప్పవచ్చు. లార్జ్ బ్లూ అనే సీతాకోకచిలుక బ్రిటన్‌లో 1979లో పూర్తిగా అంతరించింది. అది ఉండే గడ్డి నేలలూ ఉన్నాయి, అది గుడ్లు పెట్టే మొక్కలూ ఉన్నాయి. మరి ఎందుకు పోయింది? దాని గొంగళి పురుగు కొన్నాళ్లు పువ్వు తిని కింద పడుతుంది. ఒక రకం ఎర్రచీమ దాన్ని తన పిల్లే అనుకుని గూటికి మోసుకుపోతుంది. అది అక్కడ చీమ పిల్లల్ని తింటూ నెలల తరబడి పెరుగుతుంది. జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త ఏళ్లపాటు గడ్డిలో కూర్చుని చూసి, ఆ పురుగు బతకాలంటే ప్రధానంగా ఒకే జాతి చీమ కావాలని కనిపెట్టారు. ఆ చీమకు వెచ్చటి నేల కావాలి. వెచ్చగా ఉండాలంటే గడ్డి పొట్టిగా ఉండాలి. అలా ఉండాలంటే మేసేవాళ్లు ఉండాలి. 1950లలో జబ్బు వచ్చి కుందేళ్లు చచ్చిపోయాయి, చాలాచోట్ల పశువుల్ని మేపడమూ తగ్గింది. గడ్డి పెరిగింది, నేల చల్లబడింది, చీమ పోయింది, దానితో సీతాకోకచిలుక పోయింది. సంగతి తెలిశాక గడ్డిని మళ్లీ మేపించి, 1980లలో స్వీడన్ నుంచి తెచ్చిన పురుగుల్ని వదిలారు. ఇప్పుడక్కడ ఎగురుతున్నాయి. ఈ కథను కుందేలు దగ్గర ఆపి, "ఇప్పుడు సీతాకోకచిలుకకు ఏమవుతుంది?" అని అడగండి. పిల్లలు చీమ దాకా రావడానికి ఎన్ని ప్రశ్నలు వేస్తారో రాసి పెట్టుకోండి.

ప్రశ్న: పేడపురుగు వల్ల ఎవరికి లాభం? ఛీ అనిపిస్తుంది. – ఆరో తరగతి విద్యార్థిని

జవాబు: ఆస్ట్రేలియా వాళ్లను అడగాలమ్మా. అక్కడి పేడపురుగులకు కంగారూల్లాంటి జంతువుల ఎండు పెంటికలే అలవాటు. బయటినుంచి పశువుల్ని తెచ్చాక వాటి పేడను చాలావరకు అవి ముట్టలేదు. పేడ నేల మీదే ఎండి గడ్డిని కప్పేసింది, అందులో ఈగలు పుట్టాయి. చివరికి 1960ల చివర్లో మొదలుపెట్టి, వేరే దేశాల పేడపురుగుల్ని వెతికి తెచ్చి వదలాల్సి వచ్చింది. అవి పేడను మట్టిలోకి లాగేస్తే నేలకు ఎరువు, ఈగలకు చోటు ఉండదు. ఇప్పుడు చెప్పు, ఛీ అనాలా?

ప్రశ్న: బయటి పాఠం అంటే మా హెడ్‌మాస్టర్ ఒప్పుకోవడం లేదు. పాము, తేలు, తేనెటీగ అంటున్నారు. తల్లిదండ్రులూ భయపడుతున్నారు. – ఒక టీచర్

జవాబు: వాళ్ల భయాన్ని కొట్టిపారేయకండి. మీరేం జాగ్రత్తలు తీసుకుంటారో ఒక కాగితం మీద రాసివ్వండి. నేను రాసిచ్చేది ఇలా ఉండేది. ముందురోజూ, ఆ రోజు పొద్దున్నా నేనొక్కదాన్నే వెళ్లి జాగా చూసుకుంటాను, తేనెపట్టో కందిరీగ గూడో ఉంటే అటు పోము. ఎండెక్కక ముందే వెళ్లి వస్తాం. అందరికీ బూట్లు ఉండాలి. కంటికి కనపడని కన్నంలో ఎవరూ వేలు పెట్టరు. రాళ్లు టీచరే ఎత్తాలి, అదీ అవతలి అంచు పట్టుకుని తనవైపుకి. అలా చేస్తే కింద తేలున్నా రాయి అడ్డంగా ఉంటుంది, అది అవతలికి పోతుంది. చూశాక రాయి ఎలా ఉందో అలాగే పెట్టేయాలి, దాని కింద బతికేవాళ్లకు అదే ఇల్లు.

వెంట్రుకల గొంగళిని ముట్టుకోవద్దు. నూగు అంటితే రుద్దకుండా, టేపు అతికించి లాగేసి సబ్బుతో కడగాలి. నారింజ, నలుపు పట్టీలతో సన్నగా చీమంత ఉండే పెంకు పురుగు ఒకటుంది. అది కుట్టదు, కానీ ఒంటి మీద నలిపితే మర్నాటికి కాలినట్టు బొబ్బలు వస్తాయి. దాన్ని ఊది వదిలేయాలి. తేనెటీగ కుడితే ముందు అక్కణ్నుంచి పక్కకు వచ్చి, ముల్లును వెంటనే గోటితో గీకి తీసి, కడిగి, చల్లటి గుడ్డ వేయాలి. ఎవరికి అలర్జీ ఉందో తల్లిదండ్రుల్ని ముందే అడిగి రాసుకోవాలి. మొహం, పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా, వాంతులైనా ఒక్క నిమిషం ఆగకుండా ఆస్పత్రికి. దాని కోసం బండి ఎవరిదో, ఎవరు తోడెళ్తారో ముందే అనుకోవాలి. ఇంత వివరంగా రాసిస్తే చాలామంది హెడ్‌మాస్టర్లు సంతకం పెడతారు. కొందరు తామే వస్తామంటారు, రమ్మనండి.

ప్రశ్న: ఇదంతా బాగుంది, మార్కులు ఎలా వేయాలి?

జవాబు: నోట్‌బుక్ చూసి వేయండి. ఎన్ని పురుగుల పేర్లు రాశారని కాకుండా, మొదటి వారం పేజీకీ ఆఖరి వారం పేజీకీ తేడా చూడండి. మొదట్లో "చీమ వెళ్తోంది" అని రాసిన పిల్ల చివర్లో "తనకన్నా పెద్ద ముక్కను వెనక్కి నడుస్తూ లాగుతోంది, గూటి ముందు ఇంకో మూడు సాయం వచ్చాయి" అని రాస్తే పూర్తి మార్కులు వేసేయండి. జవాబు దొరకని మంచి ప్రశ్న రాసినవాళ్లకు కూడా వేయండి.

ప్రశ్న: దోమలన్నిటినీ చంపేస్తే మంచిదే కదా టీచర్? వాటిని చూసి నేర్చుకునేది ఏముంది? – ఏడో తరగతి విద్యార్థి

జవాబు: దోమల్లో దాదాపు 3,500 జాతులున్నాయి నాన్నా. మనల్ని కుట్టి జబ్బులు అంటించేవి అందులో కొన్నే. కుట్టేది కూడా ఆడదోమే, గుడ్లకు కావలసిన పోషకాల కోసం. మగవి పూల తేనె, మొక్కల రసాలు తాగి బతుకుతాయి. అసలు మనిషి జోలికే రాని దోమలూ ఉన్నాయి, వాటిలో ఒక రకం పిల్లలు వేరే దోమ పిల్లల్ని తినేస్తాయి. చేపలు, తూనీగ పిల్లలు దోమ పిల్లల్ని తింటాయి. అందుకని అన్నిటినీ చంపడం గురించి కాకుండా, మన ఇంటి చుట్టూ పుట్టేవాటిని ఆపడం గురించి ఆలోచిద్దాం.

దానికి వాటిని దగ్గరగా చూడాలి. కొత్తగా నీళ్లు నిలవబెట్టకు. పాత టైరు, పగిలిన బకెట్, కుండీ కింది పళ్లెం వెతుకు, ఇంట్లో పెద్దవాళ్లను వెంట ఉంచుకో. దోమ పిల్లలు కనిపిస్తే కొన్ని నీళ్లు గాజు గ్లాసులోకి తీసి పైన పల్చటి గుడ్డ కట్టు. నీటి పైకి తోక ఆనించి తలకిందులుగా వేలాడుతూ ఉంటాయి, ఆ తోక దగ్గరి గొట్టంతోనే గాలి పీలుస్తాయి. పడుకున్నట్టు నీటి మట్టానికి సమానంగా ఉన్నాయంటే అవి మలేరియా దోమ జాతివి. గ్లాసు మీద చేతి నీడ పడనివ్వు, అన్నీ ఒక్కసారిగా అడుక్కి దిగిపోతాయి. ఎంతసేపటికి పైకొచ్చాయో చూడు.

వేడి రోజుల్లో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి గ్లాసును రెండు రోజులకు మించి ఉంచకు. ఆ నీళ్లనూ, టైరులో మిగిలినవాటినీ ఎండ తగిలే పొడి నేల మీద పారబొయ్యి. కాలువలో పోస్తే అవి అక్కడ పెరుగుతాయి. ఆ తర్వాత టైరును బోర్లించడం కుదరదు కదా, దాన్ని వాన తగలని చోటికి జరిపించమని ఇంట్లో అడుగు.